నవ్వించే ఆడమనిషి

పోయిన నెల మన వఠారాల్లో కొళాయి కాడ జరిగే జగడాల గురించి రాస్తే చానామంది చదివి నవ్వినారంట. మాగడి రోడ్డు నుంచి ఒకమ్మ ఫోను చేసి, "ఏమక్కా, మిల్లులో కోన్లు చుట్టినదానివి, నీకు ఈ హాస్యం యాడ నుంచి వచ్చింది?" అని అడిగింది. నాది కాదమ్మా, చూసి నేర్చుకున్నది అంటి. ఎవరిని చూసి అని మళ్ళీ అడిగింది. ఫోనులో చెప్పేది కాదని ఈ నెల రాస్తా ఉన్నాను.

ఇద్దరిని చూసి నేర్చుకున్నాను. ఒకామె మీకందరికీ తెలుసు, కన్నడ నటి ఉమాశ్రీ. ఇంకొకామె మా వైండింగులో నా పక్క మిషనులో పని చేసిన అక్క. ఆమె పేరు రాయొద్దని చెప్పింది కాబట్టి అక్క అనే రాస్తాను. నా ఈడు వాళ్ళకు చదువుతా ఉంటేనే తెలిసిపోతుంది. తెలిసినా ఊరికే ఉండండి.

ముందు ఉమాశ్రీ. ఆమెది తుమకూరు జిల్లా, తిపటూరు పక్కన నొణవినకెరె. 1957లో పుట్టింది, అంటే నాకంటే మూడేళ్ళు పెద్ద. మన తెలుగోళ్ళం బెంగుళూరులో ఉండి కన్నడ సినిమా చూడకుండా ఉండేవాళ్ళమా? ఊరికి పోతే రాజబాబు, రమాప్రభ జోడీ. ఇక్కడికి వస్తే ఎన్.ఎస్. రావు, ఉమాశ్రీ జోడీ. హీరో హీరోయిను పాట అయిపోతానే ఈ ఇద్దరూ వచ్చేవాళ్ళు. హాలులో బెంచీలు కదిలేవి.

కానీ ఆమె పేరు మొదట మా ఇళ్ళల్లో మంచిగా వినబడలేదు. 1984లో కాశీనాథ్ తీసిన 'అనుభవ' అని ఒక సినిమా వచ్చింది. అదే కథను ఆయనే రెండేళ్ళకు హిందీలోనూ తీసినాడు. ఆ సినిమాకు మగవాళ్ళు గుంపులుగా పోయినారు, ఆడవాళ్ళను తీసుకుపోలేదు. మా ఇంటాయన సెకండు షిఫ్టు ఎగ్గొట్టి చూసి వచ్చి, "నువ్వు చూసే సినిమా కాదులే" అన్నాడు. ఆయన మాత్రం దాన్ని రెండుసార్లు చూసినాడు. అందులో ఉమాశ్రీ వేసిన వేషం గురించి మిల్లు క్యాంటీనులో మగవాళ్ళు మాట్లాడిన మాటలు ఇక్కడ రాయలేను. మేమూ తక్కువ తినలేదు. సినిమా చూడకుండానే, "ఛీ, ఆ యమ్మకు సిగ్గు లేదు" అనుకున్నాము. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. డైలాగు రాసింది మగాయన, తీసింది మగాయన, టికెట్టు కొని ఈల వేసింది మగవాళ్ళు. సిగ్గు మాత్రం ఆమె ఒక్కదానికి లేకపోయింది.

ఇద్దరు పిల్లలను ఒంటిగా సాకుకోవడానికి వచ్చిన వేషమల్లా వేసినానని ఆమే తరవాత చానాసార్లు చెప్పుకుంది. అది అప్పుడు మాకు తెలియదు. తెలిసినా ఏమనేవాళ్ళమో.

అన్నీ గొప్ప కామెడీలే అని నేను చెప్పను. కొన్ని సీన్లు ఇప్పటికీ పిల్లల ముందర చూడలేము, నేను చానెలు మార్చేస్తాను. లావుగా ఉందని ఒక జోకు, నల్లగా ఉందని ఒక జోకు. ఆమె వచ్చి నిలబడితేనే నవ్వాలని రాసిపెట్టేవాళ్ళు. అయినా ఆ చెత్త మాటల్లో నుంచి కూడా ఆమె ఒక మనిషిని బయటికి తీసేది. నడుము మీద చెయ్యి పెట్టడం, తల గోక్కోవడం, మాట మధ్యలో ఆగి కొంగు సర్దుకోవడం. అట్లాంటి ఆడది మన కొళాయి కాడ ఉంటుంది, మన రేషను అంగడి లైనులో ఉంటుంది. హీరోయిన్లు ఎవరూ మన వఠారంలో కనబడరు గదా.

ఇప్పుడు మా అక్క సంగతి.

వైండింగు అంటే తెలియని చిన్నపిల్లలు ఇప్పుడు ఈ పుస్తకం చదువుతా ఉన్నారని ఎడిటరు తమ్ముడు చెప్పినాడు. స్పిన్నింగులో నూలు చిన్న చిన్న బాబిన్లకు వస్తుంది. ఒక్కొక్క బాబిన్‌లో ఉండే నూలు కొంచెమే. అట్లాంటివి ఎన్నో కలిపి, పోగుకు పోగు ముడి వేసి, పెద్ద కోను చెయ్యాలి. అదే వైండింగు. పోగు తెగుతానే ముడి వెయ్యాలి. ముడి చిన్నదిగా ఉండాలి, లేకుంటే మగ్గం మీద మళ్ళీ తెగుతుంది. నిలబడే పని. మిషన్ల చప్పుడుకు పక్కమనిషి మాట వినబడదు. అందుకే మేము చేతులతో, కళ్ళతో, పెదాలు చూసి మాట్లాడుకుంటా ఉంటిమి. "మధ్యాన్నం ఏం తెచ్చినావు", "మేస్త్రీ వస్తా ఉన్నాడు", "కడుపు నొప్పి", అన్నిటికీ సైగ ఉండింది.

ఆ చప్పుడులోనే మా అక్క ఆడేది. ఒక్క మాట లేదు. మా మేస్త్రన్న నడిచి వస్తే, ఆయన వెనకాల రెండు అడుగుల దూరంలో ఆమె అట్లే నడిచేది. ఒక చెయ్యి వీపు మీద, ఒక కన్ను గడియారం మీద, నశ్యం పీల్చి ముక్కు తుడుచుకోవడం, తుమ్ము వచ్చినట్లు వచ్చి రాకపోవడం. ఆయన తిరిగితే ఈమె చేతిలో బాబిన్ ఉంటుంది, ముడి వేస్తా ఉంటుంది. మేము ఇరవైమంది ఆడవాళ్ళం పెదాలు కొరుక్కొని నిలబడేవాళ్ళం. ఎనిమిది గంటలు నిలబడేవాళ్ళకు ఆ రెండు నిమిషాలు టీ తాగినంత. నిజానికి టీ కంటే ఎక్కువే.

ఒక దినం దొరికిపోయింది. మేస్త్రన్న చూడలేదు, పైన అద్దాల గదిలో ఉండే ఆఫీసరు చూసినాడు. ఆ దినం పత్తి మంచిది కాదు, నూలు ఊరికే తెగుతా ఉండింది, కోన్లు తక్కువ వచ్చినాయి. ఆ లెక్కంతా అక్క మీద వేసినారు. పనివేళ కోతి ఆటలు ఆడి ఉత్పత్తి చెడగొట్టిందని మెమో ఇచ్చి మూడు దినాలు సస్పెండు చేసినారు. యూనియను వాళ్ళు వచ్చి, "నూలు బాగలేకనే తెగింది అని ఇద్దరు చెప్పండమ్మా, చాలు" అని అడిగినారు. నా మిషను ఆమె పక్కదే. నేను చెప్పి ఉంటే సరిపోయేది. నేను తల వంచుకొని ముడి వేస్తా ఉంటిని. నా పెద్ద కూతురు అప్పుడు చంటిబిడ్డ, నాకు జీతం కావాల. అది ఒక సాకు. ఇంకొకటి కూడా ఉంది, అది రాస్తేనే ఈ రాతకు అర్థం. ఆ సాయంత్రం గేటు కాడ ఇంకొకామెతో, "నవ్వించే ఆడదానికి ఇట్లే అవుతుంది, దానికి మానం ఉంటే గదా" అన్నాను. ముందు దినం దాకా నవ్వినది నేనే.

ఆ మాట అక్క చెవికి పోయిందో లేదో చానా ఏళ్ళు నాకు తెలియలేదు.

అప్పటికి మా వఠారంలో టీవీ వచ్చి ఉండింది. బెంగుళూరు దూరదర్శన్ 1983 నవంబరు 1న మొదలయింది. మా ఇంటి ఓనరమ్మ ఒకటి రెండేళ్ళకు నలుపు తెలుపు టీవీ కొనింది. చిత్రమంజరి వస్తే నలభైమందిమి ఆమె నడవలో కూర్చునేవాళ్ళం. ముందర పిల్లలు, తరవాత ఆడవాళ్ళు, వాకిలి కాడ మగవాళ్ళు. అప్పుడే 'సిహి కహి' అని ఒక కన్నడ నవ్వుల సీరియల్ వచ్చింది. అందులో వేసిన చంద్రుకు, గీతకు ఆ పేరే ఇంటిపేరు అయిపోయింది. ఇప్పటికీ సిహికహి చంద్రు, సిహికహి గీత అనే అంటారు. మొగుడూ పెళ్ళాం ఇంట్లో కూర్చొని మాట్లాడుకుంటే కూడా నవ్వు వస్తుందని మాకు అప్పుడు తెలిసింది. అంతదాకా నవ్వు అంటే సినిమాలో ఎవరో జారి పడాల.

ఇట్లాంటివి మనకు 1980లలో వచ్చినాయి గానీ అమెరికాలో 1951లోనే వచ్చినాయంట. మా మనవడు కాలేజీలో చదువుతా ఉన్నాడు. నేను ఇట్లా రాస్తా ఉన్నానని చెప్తే ఫోనులో ఒకటి చూపించినాడు. లూసిల్ బాల్ అని ఆమె పేరు. 'ఐ లవ్ లూసీ' అని సీరియల్. లూసీ, ఆమె స్నేహితురాలు ఇద్దరూ చాక్లెట్ ఫ్యాక్టరీలో పనికి పోతారు. బెల్టు మీద చాక్లెట్లు వస్తా ఉంటాయి, కాగితం చుట్టి వదలాల. ఒక్కటి చుట్టకుండా పోయినా పని పీకేస్తానని మేస్త్రమ్మ చెప్పి పోతుంది. మొదట మెల్లగా వస్తాయి. తరవాత బెల్టు జోరు అవుతుంది. చుట్టలేక నోట్లో పెట్టుకుంటారు, టోపీలో దాస్తారు, రవికెలో వేసుకుంటారు. మేస్త్రమ్మ వచ్చి చూస్తే బెల్టు మీద ఒక్కటీ మిగల్లేదు. బాగా చేస్తా ఉన్నారే అని, బెల్టును ఇంకా జోరు చెయ్యమని కేక వేస్తుంది.

ఇంగ్లీషు నాకు ఒక్క ముక్క రాదు. ఆ సీనుకు అది అవసరం లేదు. నేను నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళు వచ్చినాయి. తరవాత నవ్వు ఆగిపోయింది. మా మిల్లులో ఇట్లే గదా జరిగింది! ఒక్కొక్కరికి ఇన్ని కదుర్లు అని ముందు ఉండింది. చెయ్యగలిగినారు గదా అని పెంచినారు. అదీ చేసినాము గదా అని మళ్ళీ పెంచినారు. మేము టోపీ పెట్టుకోలేదు, అంతే తేడా.

ఆ సీను 1952లోది. లూసిల్ బాల్ నాయన టెలిఫోను తీగల పని చేసేవాడంట, ఆమెకు నాలుగేళ్ళు నిండకముందే టైఫాయిడుతో పోయినాడు. సినిమాల్లో ఎన్నో ఏళ్ళు చిన్న చిన్న వేషాలు వేసి, నలభై ఏళ్ళ వయసులో టీవీకి వచ్చింది. సినిమాలో పెద్దగా రాని పేరు టీవీలో వచ్చింది. మొగుడితో కలిసి కంపెనీ పెట్టింది. ఆ మొగుడితో విడిపోయినాక ఆయన వాటా కూడా కొనేసి, 1962 నుంచి స్టూడియోకు తానే యజమాని అయింది. తన పనికి తానే మేస్త్రీ! మా మనవడు ఇదంతా చదివి చెప్తా ఉంటే నేను, "ఒరే, ఆ యమ్మను మా మిల్లుకు మేనేజరుగా పంపి ఉంటే బాగుండేది" అంటి.

సరే, మన ఉమాశ్రీ దగ్గరికి వస్తాను.

1995లో రవిచంద్రన్ 'పుట్నంజ' వచ్చింది. అందులో ఉమాశ్రీ పుట్టమల్లి అనే ముసలవ్వ, హీరోకు అవ్వ. ఆమెకు అప్పుడు నలభై కూడా నిండలేదు. రవిచంద్రన్ కంటే నాలుగేళ్ళే పెద్ద. వేరే ఏ నటి అయినా, నేను నీకు అవ్వనా అని లేచి పోయేది. ఈమె వంగి నడిచింది, గొంతు మార్చింది, జుట్టు తెల్లగా చేసుకునింది. సినిమాలో నాకు మీనా చీరలు కూడా జ్ఞాపకం లేవు, ఆ అవ్వ మాత్రం జ్ఞాపకం ఉంది. మా ఊరిలో మా నాయనమ్మ అట్లే కూర్చునేది, ఒక మోకాలు పైకి పెట్టి.

ముసలి వేషం ఆమెకు కొత్త కాదని తరవాత తెలిసింది. దేవనూర మహాదేవ రాసిన 'ఒడలాళ' కథను సి.జి. కృష్ణస్వామి నాటకం చేసినప్పుడు సాకవ్వ వేషం ఆమెదే. సాకవ్వ అంటే పోయిన కోడిపుంజును వెతుక్కుంటా ఊరంతా తిరిగే బీద ముసలమ్మ. సినిమాలో జోకులు వేసే ఆమెను తెలిసినవాళ్ళు నాటకం చూసి నోరు తెరిచినారని చెప్పుకుంటారు. పి. లంకేశ్ రాసిన 'ముస్సంజెయ కథాప్రసంగ' టీవీ సీరియల్‌గా వచ్చినప్పుడు అందులోనూ ఆమె ఉంది. అంటే ఒక పక్క నవ్వించే వేషాలు, ఇంకొక పక్క ఇవి. రెండూ ఒకే మనిషి. మనం ఒక పక్కే చూసి తీర్పు చెప్పినాము.

అదే 1995 దరిదాపుల్లో మా మిల్లు నడవడం కష్టమయింది. మొదట జీతం రెండు విడతలు. తరవాత నెల ఆలస్యం. తరవాత లేదు. గేటు ముందర టెంటు వేసి కూర్చున్నాము. మగవాళ్ళు కొందరు ఆటో తోలేకి, కొందరు మార్కెట్టులో మూటలు మోసేకి పోయినారు. ఆడవాళ్ళం టెంటులో మిగిలినాము. మూడో నెలకు టెంటులో పదిమంది కూడా నిలవలేదు. ఇంట్లో బియ్యం లేకుంటే టెంటులో ఎవరు కూర్చుంటారు?

అప్పుడు అక్క వచ్చింది. సస్పెండు తరవాత ఆమె వైండింగులో ఆ ఆటలు ఆడలేదు, పదేళ్ళు గమ్మున పని చేసింది. మాతోనూ తక్కువే మాట్లాడేది. ఆ దినం టెంటులో లేచి నిలబడి, వీపు మీద చెయ్యి పెట్టి, నశ్యం పీల్చింది. మేస్త్రన్న కూడా అప్పటికి మాతోనే టెంటులో కూర్చొని ఉన్నాడు, ఆయనకూ జీతం లేదు గదా. ఆయన ముందరే ఆడింది. ఆయన మొదట తల వంచుకున్నాడు. తరవాత అందరి కంటే గట్టిగా నవ్వినాడు. "తుమ్ము వచ్చి రాకపోయేది సరిగా చెయ్యలేదమ్మా" అని ఆయనే లేచి చేసి చూపించినాడు. మరుసటి దినం టెంటుకు ముప్పైమంది వచ్చినారు. అక్క దినానికొకరిని పట్టుకునేది. లెక్కల గుమాస్తాను, డాక్టరును, మందు లేదని పంపేసే కాంపౌండరును. ఆ టెంటు ఎన్ని నెలలు నిలిచిందో అన్ని నెలలూ ఆమె ఆడింది. మిల్లు తెరవలేదు. మా లెక్క డబ్బులు ముక్కలు ముక్కలుగా ఏళ్ళ తరవాత వచ్చినాయి. అయినా ఆ డబ్బులు అడిగేకి చివరిదాకా మనుషులు నిలిచింది ఆ టెంటు వల్లనే.

మా ఇంట్లో ఉదయ టీవీ వచ్చింది కూడా ఆ తరవాతే, కేబులు వైరు లాగినాక. నేను గార్మెంట్సుకు పోతా ఉంటిని. రాత్రి వచ్చి ఈటీవీ కన్నడలో 'పాపా పాండు', ఆ తరవాత 'సిల్లీ లల్లి' చూసేదాన్ని. లల్లిగా వేసిన మంజుభాషిణి సంఘసేవ చేస్తానని ఇల్లు వదిలి తిరిగేది. మా వార్డులో అట్లాంటమ్మ ఒకామె ఉండింది, అందుకే మాకు ఇంకా నవ్వు. ఆ సీరియల్‌లో నాకు నచ్చింది ఏమంటే ఆడది మొగుడి జోకుకు నవ్వే బొమ్మ కాదు. ఆమె వల్లనే ఇల్లంతా తిరగబడుతుంది.

ఉమాశ్రీ ఈ మధ్యలో ఇంకొక పని చేసింది. గిరీశ్ కాసరవళ్ళి 'గులాబి టాకీస్' తీసినాడు, వైదేహి రాసిన కథ. అందులో ఆమె గులాబి. సముద్రం పక్క పల్లెలో కాన్పులు చేసే ముస్లిము ఆడది, మొగుడు ఇంకొకదాన్ని కట్టుకొని వదిలేసినాడు. సినిమా పిచ్చి. ఎంత పిచ్చి అంటే కాన్పుకు పిలిచినా సినిమా వదలదు. ఒక ఇంటివాళ్ళు హాలు నుంచి ఆమెను ఎత్తుకుపోయి కాన్పు చేయించుకొని, ఆ మేలుకు కలరు టీవీ, డిష్షు ఇస్తారు. ఊరి ఆడవాళ్ళంతా మొగవాళ్ళు లేనప్పుడు ఆమె గుడిసెలో చేరి టీవీ చూస్తారు. తరవాత ఆ ఊరిలో వేరే గొడవలు వచ్చి, అందరూ కలిసి చూసిన టీవీ ఉన్న ఇల్లే అందరికీ చేదు అవుతుంది.

ఆ సినిమాకు 2007 సంవత్సరానికి జాతీయ ఉత్తమ నటి అవార్డు ఆమెకు వచ్చింది. నేను దాన్ని ఆలస్యంగా, టీవీలో చూసినాను. గులాబి గుడిసెలో ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు ఆనుకొని కూర్చున్న సీను వస్తానే నాకు మా ఓనరమ్మ నడవ జ్ఞాపకం వచ్చింది. మేము కూడా అట్లే గదా కూర్చునింది, తెలుగోళ్ళు, తమిళోళ్ళు, సాయబుల పిల్లలు, అందరమూ. ఈ సినిమాలో ఆమె నవ్వించేకి ఏమీ చెయ్యలేదు. టీవీ చూసి మురిసిపోయే గులాబిని చూస్తే మాత్రం మనకే నవ్వు వస్తుంది. ఇన్నేళ్ళు చిన్న చిన్న వేషాలు వేసి నేర్చుకున్నదంతా ఆ ఒక్క నవ్వులో ఉందని నాకు అనిపించింది. 1984లో నేనన్న మాట కూడా జ్ఞాపకం వచ్చింది.

రాజకీయాల గురించి ఎక్కువ రాయను, ఈ పుస్తకంలో అన్ని పార్టీల వాళ్ళూ ఉన్నారు. ఒక్కటి మాత్రం మనవాళ్ళు తెలుసుకోవాల. ఆమె పోటీ చేసింది బాగలకోటె జిల్లా తేరదాళ నుంచి. రబకవి, బనహట్టి ఉండే సీటు అది, మగ్గాల ఊర్లు. 2008లో ఓడిపోయింది, 2013లో గెలిచింది, మంత్రి అయింది, 2018లో మళ్ళీ ఓడిపోయింది. మంత్రిగా ఆమె ఏం చేసింది, ఏం చెయ్యలేదు అనేది అక్కడి నేతగాళ్ళు చెప్పాల, నేను కాదు. ఓడిపోయినాక ఇంట్లో కూర్చోలేదు, మళ్ళీ ముఖానికి రంగు వేసుకునింది. నాకు అది నచ్చింది.

2021 డిసెంబరులో జీ కన్నడలో 'పుట్టక్కన మక్కళు' మొదలయింది. మెస్సు పెట్టి ముగ్గురు ఆడపిల్లలను సాకే పుట్టక్క. మగబిడ్డ కావాలని మొగుడు ఇంకొక పెళ్ళి చేసుకున్నాడు. ఇందులో తమాషా ఏమంటే ఇది మన తెలుగు సీరియలే. జీ తెలుగులో వచ్చిన 'రాధమ్మ కూతురు' కథే కన్నడలో పుట్టక్క అయింది. హిందూపురంలో మా చెల్లెలు రాధమ్మను చూసేసింది కాబట్టి, ఇక్కడ నాకు ముందు ఏమవుతుందో ఫోనులో చెప్పేస్తుంది. "చెప్పొద్దే, నోరు మూసుకో" అంటే, "అక్కా, కథ ఒకటే అయినా మీ పుట్టక్క వేరే" అంటుంది. వేరేనే. మా చెల్లెలు తెలుగు పక్కే మాట్లాడేది, ఆ మాట ఆమె నోట్లో నుంచి వచ్చిందంటే చూడండి. సిల్లీ లల్లిగా వేసిన మంజుభాషిణి ఇందులో వడ్డీ వ్యాపారం చేసే బంగారమ్మ. ఆ ఇద్దరూ ఎదురుగా నిలబడితే మా ఇంట్లో కుక్కరు కూత కూడా ఎవరికీ వినబడదు. ఏడుపు సీరియలే, కాదనను. కానీ పుట్టక్క అన్నం వడ్డిస్తా విసుక్కునే తీరు, చిల్లర లెక్కపెట్టే తీరు చూస్తే ఏడుపు మధ్యలో నవ్వు వస్తుంది. హోటలు పెట్టి బిడ్డలను సాకినవాళ్ళు మన కాలనీలోనే ఎంతమంది లేరు!

అక్కకు ఇప్పుడు డెబ్బై దాటినాయి. కొడుకు దగ్గర కెంగేరి పక్క ఉంది. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చింది. ఇద్దరం పుట్టక్క పాత ఎపిసోడ్లు చూస్తా కూర్చుంటిమి. నేను ఈ నెల ఏం రాస్తా ఉన్నానో చెప్పినాను. నోటుబుక్కులో నుంచి చదివి వినిపించినాను. గేటు కాడ నేనన్న మాట వచ్చే చోట గొంతు పట్టుకునింది, ఆగినాను. "చదువు, చదువు" అనింది. చదివినాను.

ఆమె కొంచెం సేపు టీవీ పక్కే చూసింది. తరవాత మెల్లగా లేచి, తల వంచి, రెండు చేతులు ముందరికి పెట్టి, లేని పోగుకు లేని ముడి వెయ్యడం మొదలు పెట్టింది. ఒక కన్ను ఓరగా పక్కకు చూస్తుంది, మళ్ళీ ముడి మీదికి వస్తుంది. ముడి పడదు. మళ్ళీ వేస్తుంది. ఎవరో పిలిచినట్లు చెవి కదులుతుంది, తల ఇంకా కిందికి పోతుంది. ఆ దినం యూనియను వాళ్ళు వచ్చినప్పుడు నేను నిలబడిన తీరు అది. ఉన్నది ఉన్నట్లు చేసింది. నలభై ఏళ్ళు ఆమె దాన్ని దాచి పెట్టుకొని ఉంది.

మా కోడలు, మనవడు పొట్ట పట్టుకొని నవ్వినారు. అది ఎవరో వాళ్ళకు తెలియదు. నాకు మొదట ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తరవాత నాకూ నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయినాను.

"అక్కా, నీకు తెలుసా అప్పుడే?" అంటి.

"మిల్లు గేటు కాడ అన్న మాట మిల్లంతా తెలుస్తుంది లేమ్మే" అనింది.

మనవడు ఫోను తీసి, "అవ్వా, ఇంకొకసారి చెయ్యి, వీడియో తీస్తాను" అన్నాడు. "పోరా, మోకాలు నొప్పి" అని మంచం మీద కూర్చుని, టీవీ సౌండు పెంచమనింది.